అమ్మితేనే నష్టం

మా మామయ్య మంచివాడని మా బంధువులంతా అంటారు. నేను అనను. చెడ్డవాడని కూడా అనను. ఆయన సంగతి చెబుతాను, మీకు తోచింది మీరు అనుకోండి.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. బాండ్లు కొని అమ్మే ఒక చిన్న కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. టైర్ల దుకాణం పైన రెండు గదులు, అదే కంపెనీ. ముందు గదిలో యజమాని, వచ్చినవాళ్లు కూర్చోవడానికి స్పాంజి బయటికి వచ్చిన సోఫా. వెనక గదిలో మామయ్య, ఒక కంప్యూటర్, రెండు ఇనుప బీరువాలు. ఎండాకాలం ఆ గదంతా రబ్బరు వాసన కొట్టేది. మామయ్య చొక్కాలకూ అదే వాసన.

ప్రతి బుధవారం ఆయన ‘వారం అంచనా’ అని రెండు పేజీలు రాసేవాడు. వడ్డీ రేట్లు ఎటు పోతాయి, బాండ్ల ధరలు ఏమవుతాయి, అప్పులు సులువుగా పుడతాయా పుట్టవా, ఇదంతా అందులో ఉండేది. ఆ రెండు పేజీలు నాలుగు వందల ఇళ్లకు వెళ్లేవి. చదివేవాళ్లంతా ఉద్యోగాలు వదిలేసి, వచ్చిన డబ్బును ఎక్కడ దాచాలో తెలియక బిక్కుబిక్కుమంటున్న ముసలివాళ్లు. ఆఫీసులో ఆయనకు ‘అంచనా’ అనే పేరు. ‘అంచనాగారూ, టీ చల్లారిపోతోంది’ అని పిలిచేవాళ్లు.

ఆ అంచనా ఎలా తయారవుతుందో నా చిన్నప్పుడు ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. సోమవారం పొద్దున్నే యజమాని వెనక గదికి వచ్చి బీరువా తెరిచి చూస్తాడు. ఎక్కువ ఏళ్ల బాండ్లు అమ్ముడుపోకుండా పేరుకుపోయి ఉంటే, “ఏమయ్యా, ఈ వారం రేట్లు తగ్గుతాయని రాయి” అంటాడు. అవి అయిపోయి తక్కువ కాలం బాండ్లు మిగిలితే, “పెరుగుతాయని రాయి” అంటాడు. రేట్లు తగ్గితే పాత బాండు ధర పెరుగుతుంది, పెరిగితే పడుతుంది. తక్కెడలో రెండు పళ్లేలు ఎలాగో ఇదీ అలాగే. బాండు గడువు ఎంత ఎక్కువైతే ఊపు అంత ఎక్కువ. మామయ్య ‘అలాగేనండి’ అని, చెప్పిన వైపుకు లెక్కలూ గీతలూ సమకూర్చేవాడు.

అబద్ధం రాసేవాడికి అది అబద్ధమని గుర్తున్నంత కాలం పెద్ద ప్రమాదం లేదు. మామయ్యకు ఏ సంవత్సరంలోనో అది మరుపున పడింది. యజమాని చెప్పిన మాట బుధవారం నాటికి తన సొంత జ్ఞానం అయిపోయేది. దేశానికంతా వడ్డీ రేట్లు నిర్ణయించే పెద్ద బ్యాంకు వాళ్లు ప్రకటన చేసే రోజు ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. ప్రకటన చదివే అధికారి ‘జాగ్రత్త’ అనే మాట ఎన్నిసార్లు అన్నాడో వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. అత్తయ్య పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే ‘ష్’ అనేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. తప్పిన అంచనాను తప్పిందని ఒప్పుకోగా నేను చూడలేదు. ‘ఇంకా అవలేదు’ అనేవాడు, అంతే.

అమ్మ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసింది. గుండీల కాజాలు ఆమె పని. రోజుకు నాలుగు వందల కాజాలు కుట్టి, ఆ డబ్బుతోనే తమ్ముణ్ణి చదివించింది. నాన్న పోయాక నన్నూ పెంచింది. పని మానేసిన రోజు కార్ఖానా వాళ్లు ఇచ్చిన మొత్తాన్ని కవరు విప్పకుండా తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. “నాకేం తెలుసురా, నువ్వు రాసేవాడివి” అంది.

ఆ వారం బీరువాలో ముప్పై ఏళ్ల బాండ్లు నిండుగా ఉన్నాయి. మామయ్య వాటినే కొన్నాడు. కుట్ర ఏమీ లేదు, తన డబ్బు కూడా అందులోనే పెట్టాడు. ఆ సోమవారం తనకు ఎవరు ఏం చెప్పారో ఆయనకు నిజంగా గుర్తులేదు. కుట్ర అయినా బాగుండేది, తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు.

ఆర్నెల్లకోసారి వడ్డీ వచ్చేది. అమ్మ దానితో మందులూ బియ్యమూ చూసుకునేది. ఒక సంవత్సరం బాగానే గడిచింది. తర్వాత రేట్లు పెరగడం మొదలుపెట్టాయి. వందకు కొన్న బాండు తొంభైకి వచ్చింది, ఎనభైకి వచ్చింది. రెండో ఏడు చివరికి డెబ్బై.

ఇక్కడ ఆ రెండో బీరువా సంగతి చెప్పాలి. ఆఫీసులో ఒక బీరువా రోజూ కొని అమ్మే సరుకుకు. రెండోదాన్ని ‘చివరిదాకా’ అనేవాళ్లు. అందులో పెట్టిన బాండును గడువు తీరేదాకా కదపరు కాబట్టి, మార్కెట్లో ధర ఎంత పడినా పుస్తకంలో కొన్న ధరే రాసుకోవచ్చు. అలా అని కంపెనీ నియమం. దానికో షరతు ఉంది. అందులోంచి ఒక్కటి అమ్మినా, మిగతావన్నీ ఆ రోజు ధరకు దించి రాయాలి. అంటే దాచిపెట్టిన నష్టమంతా ఒక్కసారిగా బయట పడుతుంది. అందుకే ఆ బీరువా తాళం తీయడమంటే యజమానికి కూడా భయం.

మామయ్య మా అమ్మ డబ్బుకూ ఒక నోటు పుస్తకం పెట్టాడు. దాని అట్ట మీద ‘అక్క, చివరిదాకా’ అని రాశాడు. ప్రతి నెలా ఎర్ర సిరాతో ధర గడిలో వంద అని రాసేవాడు. మార్కెట్లో డెబ్బై ఉన్న నెలలో కూడా వందే.

అప్పుడే అమ్మ కళ్ల సంగతి బయటపడింది. పక్కనుంచి వచ్చే సైకిళ్లు ఆమెకు కనిపించడం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లాను. నీటికాసులని, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే జబ్బని, కుడి కన్ను అప్పటికే దాదాపు పోయిందని డాక్టరమ్మ చెప్పింది. “ఎడమ కంటికి మూడు నెలల్లోపు ఆపరేషన్ చేయించండి. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది మాత్రం నిలబెట్టొచ్చు.” ఖర్చు రాసిచ్చింది. డెబ్బై ధరకు అమ్మినా బాండ్లలో ఆరో వంతు చాలు.

ఆదివారం మధ్యాహ్నం మామయ్య మా ఇంటికి వచ్చాడు. అమ్మ మంచం మీద, ఆయన కుర్చీలో, నేను గుమ్మంలో.

“ఆరో వంతు అమ్మితే చాలు మామయ్యా” అన్నాను.

“ఒక్కటి అమ్మితే మిగతావన్నీ డెబ్బైకి రాయాలే.”

“ఎవరు రాయాలి? పుస్తకం నీదే కదా.”

“పద్ధతంటూ ఒకటుంటుంది. అమ్మనంతవరకూ నష్టం కాదు. అమ్మితేనే నష్టం. ఇరవై తొమ్మిదేళ్ల కష్టాన్ని మీ అమ్మ కళ్ల ముందే డెబ్బై అని రాయమంటావా?”

“పోనీ నా జీతం మీద అప్పు తెస్తాను.” నేను బస్సు కంపెనీలో టికెట్లు కొట్టే గుమస్తాని.

“ఇప్పుడా? మార్కెట్ బిగుసుకుపోయింది. నూటికి పద్దెనిమిది అడుగుతారు. ఈ రేటుకు అప్పు చేసేవాడికి మతి లేనట్టే. నాలుగు నెలలు ఆగండి. రేట్లు దిగుతాయి, అప్పూ చవకవుతుంది, బాండూ వందకొస్తుంది. రాశాను కదా.”

“డాక్టరమ్మ మూడన్నారు.”

“డాక్టర్లు ఎప్పుడూ ఒక నెల తగ్గించే చెబుతారు. భయపెట్టకపోతే ఎవడొస్తాడు?”

అమ్మ కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంది. “వాడు చెప్పాడు కదే, ఆగుదాం” అంది. నేను సరే అన్నాను. తలకాయ లేనిదాన్ని కాను, మూడు కంటే నాలుగు ఎక్కువని నాకు తెలుసు. అయినా సరే అన్నాను.

ఆలస్యం అమృతం విషం అంటారు. మా ఇంట్లో ఆ విషం చుక్కలు చుక్కలుగా దిగింది. మూడో నెలలో పెద్ద బ్యాంకు రేటును ఇంకో పావు శాతం పెంచింది. మామయ్య ఆ వారం అంచనాలోని గీత ఉన్న కాగితం తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని ఎడమ కంటికి ఆనించుకుని ఇటూ అటూ తిప్పింది.

“గీత ఎటు పోతోందిరా?”

“పైకక్కా. కానీ ఇదే చివరిది.”

తర్వాత రేటు పెంచిన రెండుసార్లు కూడా ఆ మాటే అన్నాడు.

ఐదో నెలలో అమ్మ నీళ్లు గ్లాసులో కాకుండా బల్ల మీద పోసింది. ఆరో నెలలో మామయ్య చొక్కా జేబు చిరిగిందని తీసుకుని, వద్దంటున్నా వినకుండా తడుముకుంటూ కుట్టింది. జేబు పైఅంచు కూడా కలిపి కుట్టేసింది. మామయ్య వేలు పెట్టి చూసి పెద్దగా నవ్వాడు. “అక్కా, జేబు మూసేశావు. ఇక డబ్బు ఎక్కడికీ పోదు.” అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఆయన్ని ఇప్పటికీ కొట్టాలనిపిస్తుంది.

ఏడో నెలలో నూటికి ఇరవైకి అప్పు తెచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, “ఇప్పుడెందుకు తీసుకొచ్చారు?” అంది. అది ప్రశ్నో తిట్టో నాకు అర్థం కాలేదు. తెచ్చిన డబ్బు తెచ్చినట్టే తిరిగిచ్చేశాను. తొమ్మిదో నెలకు అమ్మకు పగలో రాత్రో కూడా చెబితేనే తెలిసేది.

రేట్లు తగ్గాయి. తగ్గకుండా ఎలా ఉంటాయి? పెరిగింది ఏదో ఒకరోజు తగ్గుతుంది, అది చెప్పడానికి అంచనాలు రాయక్కర్లేదు. రెండేళ్ల తర్వాత మొదలై, మెల్లగా దిగుతూ వచ్చాయి. అరవై దాకా పడ్డ బాండు ఎనభై అయింది, తొంభై అయింది. యజమాని, రేట్లు తగ్గుతాయని మామయ్య రాసిన పాత అంచనా ఒకటి వెతికి తీసి, అద్దం కట్టించి ముందు గదిలో సోఫా పైన తగిలించాడు. తేదీ ఉన్న మూల మాత్రం ఫ్రేము కిందికి మడిచాడు. ముసలివాళ్లు దాన్ని చూసి మళ్లీ ముప్పై ఏళ్ల బాండ్లు కొన్నారు.

మొన్న ఒక శనివారం పొద్దున్నే మామయ్య ఆయాసపడుతూ మా మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

“అక్కా, నూట నాలుగు.”

“ఏవిట్రా?”

“బాండు. నూట నాలుగు. నవ్విన నాపచేనే పండింది. నేను చెప్పానా లేదా?”

“చెప్పావురా” అంది అమ్మ. చెయ్యి చాచి గాల్లో వెతికి, ఆయన భుజం పట్టుకుని నిమిరింది. “నువ్వు చెప్పినట్టే అయింది.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే. అమ్మేద్దామని అమ్మే అంది, తనకిక ఎదురుచూసే ఓపిక లేదంది. ఇంకో అర శాతం దిగేదాకా ఆగితే నూట పది వస్తుందని ఆయన గొణిగాడు. నేను చూసిన చూపుకు నోరు మూసుకుని కాగితాలు తీశాడు.

అమ్మ సంతకం ఇప్పుడు వంకర్లు పోతుంది, కంపెనీ దగ్గరున్న పాత సంతకంతో కలవదు. వేలిముద్ర వేయొచ్చు, కానీ చూపు లేదని డాక్టరు ధ్రువపత్రం కావాలి. అది కంపెనీ నియమం. నియమాలంటే మామయ్యకు ప్రాణం కదా, తానే ఆస్పత్రికి వెళ్లి తెచ్చాడు. కళ్లు పోయినప్పటి నుంచి అమ్మకు వచ్చే ప్రతి కాగితాన్నీ ఆయనే చదివి వినిపిస్తాడు. ఇదీ చదవడం మొదలుపెట్టాడు. పేరు, వయసు చదివాడు. రెండు కళ్లకూ పూర్తిగా చూపు లేదని చదివాడు. అక్కడ ఆగిపోయాడు.

“తర్వాత ఏం రాశారురా?”

“సంతకమక్కా. అంతే.”

నేను కాగితం లాక్కున్నాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆయనకు బాగా వినిపించేలా, ఒక్కో మాటా విడదీసి చదివాను. “కారణం: మూడు నెలల్లోపు చేయించుకోమన్న శస్త్రచికిత్స చేయించుకోకపోవడం. సకాలంలో చేసి ఉంటే ఎడమ కంటి చూపు నిలిచేది.” ఆయన ముఖం పాలిపోయింది. నాకు కడుపు నిండినట్టయింది, ఆ మాట దాచను. మూడేళ్లుగా ఆ ముఖం కోసమే ఎదురుచూశాను.

అమ్మ నా గొంతు వినిపించిన వైపు తల తిప్పింది.

“వాడంటే పిచ్చివాడు, వాడి రేట్లు వాడివి. నువ్వెందుకు ఆగావే?”

నేను సిరా డబ్బా మూత తీశాను. పక్కనుంచి మామయ్యే అందుకున్నాడు. “దాన్నేమీ అనకక్కా. నేను రాసింది నమ్మి ఆగింది.”

నేను ఆయన రాసింది ఒక్కరోజు కూడా నమ్మలేదు. ఆ బాండ్లు అమ్మ తర్వాత నాకే వస్తాయి. డెబ్బైకి అమ్ముకోవడం నాకూ ఇష్టం లేకపోయింది. మామయ్యకు ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. “అవునమ్మా” అన్నాను, అమ్మ బొటనవేలు పట్టుకుని సిరా రాశాను.