ఒక మనిషికి ఒక కార్డు

ఒట్లు వేయడం నాకు అలవాటు లేదు. మా అత్తగారు కాఫీలో పంచదార తక్కువైందని చెప్పడానికి కూడా ఒట్టేస్తుంది, అందుకే నాకు ఒట్టంటే విలువ పోయింది. కానీ మీ అందరికీ ఇప్పుడు చెప్పబోయేది జరిగింది. నాకే జరిగింది. ప్రసాదూ, నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వేసెయ్. తర్వాత నవ్వలేవు.

మేం కాలిఫోర్నియాలో, ట్రేసీలో ఉన్నప్పటి మాట. నాది హెచ్‌-ఫోర్ వీసా. ఉద్యోగం చేయకూడదు, ఊరికే చాకిరీ మాత్రం ఎంతైనా చేయొచ్చు. హైదరాబాద్‌లో ఆరేళ్ళు డేటాబేస్‌లు చేసినదాన్ని, ఇంట్లో గిన్నెలు సర్దుకుంటూ కూర్చున్నాను. పోర్చుగీసు వాళ్ళ కమ్యూనిటీ హాల్లో వాలంటీర్ కావాలని లైబ్రరీలో కాగితం కనిపిస్తే వెళ్ళాను. అక్కడ దొరికింది డొలోరెస్ ఆంటీ.

ఎనభై దాటిన మనిషి. స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. వాళ్ళ తాతలు అట్లాంటిక్ మధ్యలో ఉన్న దీవుల నుంచి ఇక్కడి డెయిరీల్లో పాలు పితకడానికి వచ్చారట. అలా వచ్చిన కుటుంబాల చరిత్రంతా ఈవిడ ముప్పై ఏళ్ళకు పైగా ఉచితంగా రాసిపెట్టింది. ఇంటింటికీ వెళ్ళేది. ఫోటోల వెనక రాతలు, సమాధి రాళ్ళు, ప్రార్థన పుస్తకాల్లో గీసుకున్న పుట్టినరోజులు... అన్నీ పెన్సిల్‌తో కార్డుల మీదికి ఎక్కించేది. కార్డు పూర్తయితే పెన్సిల్ తిరగేసి బల్ల మీద రెండుసార్లు కొట్టేది. టక్... టక్. అప్పుడే అది డ్రాయర్‌లోకి వెళ్ళేది.

"మీ నానమ్మ పేరేంటి?" అని ఒకరోజు నన్నడిగింది.

"పెంటమ్మ" అన్నాను.

అర్థం చెప్పమంది. ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది తిరక్కుండా పోతే, మూడోపిల్లని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరు పెట్టారని చెప్పాను. అలాంటి పేరుంటే యముడు కూడా ముట్టుకోడని మావాళ్ళ నమ్మకం అన్నాను. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

"మరి ఆ ఇద్దరి పేర్లు?"

"తెలీదు ఆంటీ."

"కనుక్కో. ఒక మనిషికి ఒక కార్డు. ఒక్కరోజు బతికినా సరే."

సరే అన్నాను. కనుక్కోలేదు. మనం అన్నిటికీ సరే అంటాం కదా.

ఆ జనవరిలో ఆంటీ పోయింది. నిజంగా ఏడ్చాను. ఈ దేశంలో నా పనికి విలువిచ్చిన మొదటి మనిషి ఆవిడ. వెనక గది కప్పు కారుతోంది, కార్డులు తడిసిపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించమని హాలు వ్యవహారాలు చూసే మాన్యుయెల్ అంకుల్ నాకు తాళం చెవి ఇచ్చాడు. ఇంకో తాళం ఆయన దగ్గర. మూడోది లేదు.

మూడు నెలలు స్కాన్ చేశాను. తర్వాత నా ప్రతాపం చూపించాను. అదే పేరు, అదే తల్లిదండ్రులు ఉన్న కార్డులు రెండేసి కనిపించాయి. పెద్దావిడ, తేదీలు తడబడి, మర్చిపోయి రెండుసార్లు రాసుంటుంది అనుకున్నాను. చిన్న ప్రోగ్రామ్ రాసి ఒక్కొక్కటే ఉంచి రెండోది పీకేశాను. స్కాన్లు కూడా పూర్తిగా డిలీట్. నాకు శుభ్రం ఎక్కువ. కాగితం కార్డుల్ని ఒక సంచిలో వేసి, గురువారం సాయంత్రం కాగితాలూ సీసాలూ వేసే నీలం చెత్తడబ్బాలో పడేసి, డబ్బాని రోడ్డు పక్కకి లాగిపెట్టాను. లారీ శుక్రవారం తెల్లారే వస్తుంది. బల్ల తుడిచి, తాళం వేసి ఇంటికొచ్చాను.

రాత్రి తొమ్మిదింటికి మాన్యుయెల్ అంకుల్ ఫోన్.

"రేపు పొద్దున మా అమ్మానాన్నల సమాధి రాయి మీద చెక్కడానికి మనిషి వస్తున్నాడమ్మా. మా అన్న కార్డు కావాలి. తేదీలు దాని మీదే ఉన్నాయి."

"పేరేంటి అంకుల్?"

"మాన్యుయెల్."

"అది మీ పేరు కదా?"

"నాకంటే ముందు పుట్టాడు. తొమ్మిది రోజులు బతికాడు. పోయిన బిడ్డ పేరు తర్వాత బిడ్డకి పెట్టడం మాలో ఆనవాయితీ. ఈ పేరు వాడిది. ఎనభై ఏడేళ్ళుగా నేను మోస్తున్నాను. పొలంలోనే పుట్టి పొలంలోనే పోయాడు, ఏ ఆఫీసులోనూ రాయలేదు. మా అమ్మని అడిగి డొలోరెస్ రాసింది, అంతే. అమ్మ కూడా ఇప్పుడు లేదుగా."

పోయిన బిడ్డ పేరు మళ్ళీ పెట్టడం మనలో ఎవరైనా చేస్తారా? నాకు ఊహకే రాలేదు. నేను పీకేసినవి డ్యూప్లికేట్లు కావు... చంటిపిల్లలు.

మా ఆయనకి చెప్పకుండా కారు తీశాను.

హాలు ఊరి చివర, ఒకపక్క బాదం తోట. పది దాటింది. చెత్తడబ్బా పెట్టినచోటే ఉంది. మూత ఎత్తాను. అట్టపెట్టెలున్నాయి... పాత పేపర్లున్నాయి... నా సంచి లేదు. ఫోన్ లైటేసి అడుగుదాకా వెతికాను. లేదు. సీసాలు ఏరుకునేవాళ్ళు వస్తారు, నిజమే. కానీ సీసాలన్నీ అక్కడే ఉన్నాయి.

తాళం తీసి లోపలికెళ్ళాను. ఏడుపొస్తోంది. ఆ ముసలాయనకి ఏం చెప్పను? హాల్లో లైటు స్విచ్ కోసం గోడ తడుముతున్నాను...

టక్.

ఆగిపోయాను.

టక్.

వెనక గదిలోంచి. కారుతున్న నీళ్ళనుకుందాం అంటే ఆ నెలలో చుక్క వాన లేదు. కాసేపటికి కాగితాలు కదిలిన చప్పుడు... డ్రాయర్ లోపలికి జరిగిన చప్పుడు... మళ్ళీ టక్... టక్. నెమ్మదిగా. తొందర లేని మనిషి పని చేసుకుంటున్నట్టు.

లతా, నా చెయ్యి వదులు, గోళ్ళు దిగుతున్నాయి.

పారిపోయానా? లేదు. ఇప్పటికీ నాకు అదే గొప్ప. భయం వేసింది, అబద్ధమెందుకు, కానీ సిగ్గు భయం కంటే ఎక్కువుంది. "ఆంటీ, తప్పైపోయింది" అన్నాను. తెలుగులో. ఏ భాషైతేనేం అప్పుడు. చప్పుడు ఆగింది. నడిచి వెళ్ళి తలుపు తోశాను. లైటేశాను.

ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది. నా సంచి కుర్చీ మీద ఉంది, నాలుగు మడతలు పెట్టి. గదిలో అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన. డ్రాయర్ లాగాను. కార్డులన్నీ లోపలే ఉన్నాయి... ఒక్కో బిడ్డ తన పేరు మోసినవాళ్ళ ముందు నిలబడి ఉంది. మాన్యుయెల్ వెనక మాన్యుయెల్. ముందువాడి కార్డు మీద రెండే తేదీలు, మధ్య తొమ్మిది రోజులు.

కార్డు తీసుకుని వెనక్కి తిరిగితే బల్ల మీద మూడు కార్డులు. సాయంత్రం నేను తుడిచిన బల్ల. పైదాని మీద ఆంటీ రాతలో మా నానమ్మ పేరు. కింద రెండూ ఖాళీ. వాటి మీద అడ్డంగా పెన్సిల్.

పొద్దున రాయి చెక్కారు. అంకుల్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. రాత్రి హాలుకి వచ్చారా అని అడిగాను. "చీకటి పడితే నాకు గుమ్మం కనపడదమ్మా" అన్నాడు.

నానమ్మ కార్డు ఆంటీ బతికుండగానే రాసి ఎక్కడో పెట్టుండొచ్చు. ఒప్పుకుంటాను. సంచి ఎవరో తెచ్చుండొచ్చు. అదీ ఒప్పుకుంటాను, తాళం ఎలా తీశారో చెప్తే. నేను దయ్యాల్ని నమ్మను. అది ఆంటీయేనా అని అడిగితే తెలీదనే అంటాను.

కానీ ఆ రాత్రే, ఆ బల్ల దగ్గరే కూర్చుని మా మేనత్తకి ఫోన్ చేశాను. అక్కడ పట్టపగలు. "మీ అమ్మకి ముందు పుట్టిన ఇద్దరి పేర్లేంటత్తా?" అంటే, "ఇప్పుడెందుకే ఆ గోల" అని తిట్టింది. ఆవిడకీ తెలీదు. ఇంకా అడుగుతూనే ఉన్నాను, ఊళ్ళో ముసలివాళ్ళందరినీ. ఖాళీ కార్డులు రెండూ నానమ్మ కార్డు ముందే పెట్టి ఉంచాను.

నానమ్మకి ముందు ఇద్దరున్నారని మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఈ దేశంలో అప్పటికి ఆ సంగతి తెలిసింది ఒక్క డొలోరెస్ ఆంటీకే.