ఒంటి వేడి, ఓవెన్ వేడి

ఆ వీధిలో ఆవిడను అందరూ కోడలు అనే పిలుస్తారు. రోజూ ఒక్క బన్ను కొనుక్కుపోయే ముసలాయన, పక్క కొట్లో సైకిళ్ళు బాగుచేసే మేస్త్రీ, ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చే మనిషి కూడా "కోడలు లేదా?" అనే అడుగుతారు. ఒక ఇంటికి కోడలిగా వస్తే వీధి మొత్తానికి కోడల్ని చేసి కూర్చోబెట్టారని ఆవిడ నవ్వుతుంది.

కింద బేకరీ, పైన కాపురం. కౌంటరు అత్తగారిది, పిండీ ఓవెనూ కోడలివి, వ్యాను కోడలి మొగుడిది. ఆయన వ్యానుకు ఇత్తడి గంట కట్టుకుని వీధులన్నీ తిరిగి రొట్టెలు అమ్ముతాడు కాబట్టి గంటాయన అనే పేరు స్థిరపడిపోయింది. మంచివాడు, పనికి వెనకాడడు. ఒక్కటే లోపం, నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో పొద్దున జరిగిన ముచ్చట మధ్యాహ్నానికల్లా రొట్టెలతోపాటు గుమ్మం గుమ్మానికీ చేరిపోతుంది.

పెళ్ళయి నాలుగేళ్ళు దాటింది. కోడలికి బిడ్డ కావాలి. చాలా కావాలి. పక్కింటి పసివాడు బ్రెడ్డు ముక్క చప్పరిస్తుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయేంతగా కావాలి. పైగా కొట్టుకు వచ్చే ఆడవాళ్ళు చిల్లర తీసుకుంటూ "ఏమైనా విశేషమా?" అని అడగడం ఒకటి. విశేషం ఉంటే గంటాయన ఊరుకుంటాడా, మైకు పెట్టి చెప్పడూ? ఆ మాత్రం ఆలోచన లేకుండా అడిగేవాళ్ళను ఏమనాలో నాకైతే తెలియదు. కోడలు మాత్రం ఏమీ అనేది కాదు, నవ్వి ఊరుకునేది.

చివరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాయి. ఇద్దరిలోనూ చెప్పుకోదగ్గ లోపమేమీ లేదని, కొన్నాళ్ళు నెలసరిని జాగ్రత్తగా గమనించుకుని చూడమని, అప్పటికీ కాకపోతే మందుల సంగతి ఆలోచిద్దామని డాక్టరమ్మ చెప్పింది. గమనించడం ఎలాగో నేర్పే పని అక్కడి నర్సమ్మది. రోజూ నిద్ర లేవగానే ఒంటి వేడి చూసుకుని ఈ కాగితం మీద చుక్క పెట్టు, నెల తిరిగాక పట్టుకురా అని ఆవిడ గళ్ళ కాగితం ఇచ్చి పంపింది.

ఇక్కడే మన కోడలు తప్పులో కాలేసింది. బేకరీ మనుషుల పొద్దు వేరు. చీకటితో లేవగానే కిందికి దిగి ఓవెన్ వెలిగించాలి, పిండి కలపాలి. కలిపిన పిండి పొంగడానికి కాస్త సేపు వదిలేస్తారు చూడండి, బేకరీ వాళ్ళకు సొంత పనులకు దొరికేది ఆ కాస్త వేళే. టీ తాగడం, జడ వేసుకోవడం, పుట్టింటికి ఫోను చేయడం, తెగిన గుండీ కుట్టుకోవడం, అన్నీ పిండి పొంగే వేళకే వాయిదా. ధర్మామీటరును కూడా ఆవిడ ఆ లెక్కలోనే వేసేసింది. ఓవెన్ పక్కన పీట వేసుకుని, జడ అల్లుకుంటూ, నోట్లో ధర్మామీటరు పెట్టుకుని కూర్చునేది.

అత్తగారు అది చూసింది. రోజూ చూసింది. కోడలికి లోజ్వరం పట్టుకుందని, తనకు చెప్పకుండా దాస్తోందని ఆవిడకు రూఢి అయిపోయింది. నోరు విప్పి అడిగితే బాగుండేది. అడగకుండా, తనే ముందు లేచి పిండి కలిపేసి, కోడల్ని పైకి పొమ్మని కసరడం మొదలుపెట్టింది. కోడలు మాత్రం ఓవెన్ పక్క పీట వదల్లేదు. ఆవిడ చేతిలో బన్నులు ఇటుకల్లా తయారయ్యాయి. రోజూ వచ్చే ముసలాయన మూడు రోజులు ఓర్చుకుని, ఉన్న నాలుగు పళ్ళనూ తలుచుకుని, కోడలు ఊరెళ్ళిందా అని భయంభయంగా అడిగాడు.

నెల తిరిగాక నర్సమ్మ ఆ కాగితం చూసి కళ్ళజోడు సవరించుకుంది. చుక్కలన్నీ నెత్తికెక్కి ఉన్నాయి. ఎక్కడ కూర్చుని చూసుకున్నావని అడిగితే కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇది నీ ఒంటి వేడి కాదు తల్లీ, నీ ఓవెన్ వేడి," అని నర్సమ్మ పడీ పడీ నవ్వింది.

నవ్వు తగ్గాక కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మెలకువ రాగానే, మంచం దిగకముందే, ఎవరితో మాట్లాడకముందే చూసుకోవాలి. అండం విడుదలయ్యాక ఒళ్ళు కాస్త వేడెక్కుతుంది, మళ్ళీ నెలసరి వచ్చేదాకా ఆ వేడి నిలుస్తుంది. అయితే వేడి చెప్పేది అయిపోయిన కబురు. రాబోయే కబురు చెప్పేది వేరే ఉంది. అండం విడుదలయ్యే ముందు రోజుల్లో ఆడవాళ్ళకు తెల్లబట్ట మారుతుంది. తేటగా, జారుడుగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఆ రోజులే బిడ్డకు అదను. దురద, వాసన, పెరుగు విరిగినట్టు ఉండటం లాంటివుంటే చూపించుకోవాలి గానీ, ఇది మాత్రం ఆరోగ్యమే. నెల మధ్యలో అని అందరూ చెప్పే లెక్క అందరికీ కుదరదు. కోడలి నెల కొంచెం పొడుగు, కాబట్టి ఆవిడకు ఆ రోజులు ఆలస్యంగా వస్తాయి.

తెల్లసొన అనగానే కోడలికి సంగతి అర్థమైపోయింది. కేకుల కోసం అట్టలకు అట్టలు గుడ్లు పగలగొట్టే మనిషికి తెల్లసొన ఎలా సాగుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ గుర్తు తనకు ప్రతి నెలా కనిపిస్తూనే ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో భయపడి అత్తగారికి చెప్పింది కూడా. అది నీరసమమ్మా, ఒంట్లో బలం కరిగి పోతోంది, ఆ నాలుగు రోజులూ మొగుడికి దూరంగా పడుకో అని అత్తగారు ప్రేమగానే చెప్పింది. కోడలు బుద్ధిగా విని, నెలనెలా ఆ రోజుల్లో చాప తీసుకుని అత్తగారి గదిలోకి పోయి పడుకునేది. నాలుగేళ్ళు! సరిగ్గా ఏ రోజులు కావాలో ఆ రోజులే ఏరి మరీ పారేసుకుంది.

దారంతా ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళగానే అత్తగారిని నిలదీయాలనుకుంది. తీరా వెళ్ళేసరికి అత్తగారు గట్టిపడ్డ బన్నుల్ని కత్తితో కోసి రస్కులు చేసే ప్రయత్నంలో చెమటలు కక్కుతోంది. జ్వరం సంగతేమన్నారని ఆదుర్దాగా అడిగింది. కోపం అక్కడే సగం చచ్చిపోయింది. కోడలు పీట లాక్కుని కూర్చుని, నర్సమ్మ చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "నిజమేనా?" అని ఒక్క మాట అడిగింది. నిజమేనని కోడలు అంది. అంతే, ఆవిడ చేతులు కడుక్కుని పైకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాటి నుంచి కోడలు మంచం మీదే వేడి చూసుకోవడం మొదలుపెట్టింది. ధర్మామీటరు కుయ్యిమన్నప్పుడల్లా గంటాయన ఉలిక్కిపడి, వ్యాను స్టార్టు చేశారా అని నిద్రలోనే అడిగేవాడు. ఈ సంగతి వీధిలో ఎక్కడైనా నోరు జారితే వ్యాను గంట పీకి బావిలో పడేస్తానని కోడలు ముందే హెచ్చరించింది. ఈసారి చుక్కలు బుద్ధిగా వచ్చాయి. కొన్నాళ్ళు కింద, గుర్తు కనిపించి పోయాక పైన. తన ఒళ్ళు ఇన్నాళ్ళూ ఇంత పద్ధతిగా పని చేస్తోందా అని ఆవిడకు ఆశ్చర్యమూ ఆనందమూ కలిగాయి. పిండి పొంగిందో లేదో వేలితో నొక్కి చెప్పగల మనిషి, తన ఒంటి సంగతి తెలియక ఇన్నేళ్ళు గడిపిందన్నమాట.

చాప మళ్ళీ పరవలేదు. అయినా మొదటి నెల నెలసరి వచ్చేసింది. ఆవిడ స్నానాలగదిలో కుళాయి విప్పి ఏడ్చింది. రెండో నెలా వచ్చింది. ఈసారి కుళాయి విప్పలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా కొన్ని నెలలు పట్టడం మామూలేనని నర్సమ్మ చెప్పింది.

మూడో నెలలో గుర్తు కనిపించిన రోజునే పక్క పట్నంలోని ఫ్యాక్టరీ క్యాంటీనుకు పెద్ద ఆర్డరు పోవాలి. బన్నులు దింపి, రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు మిల్లు నుంచి పిండి బస్తాలు వేసుకుని సాయంత్రానికి రావాలి. ఎప్పుడూ వెళ్ళేది గంటాయనే. వ్యాను సగం నిండింది. కోడలు కాలుకాలిన పిల్లిలా ఓవెన్‌కూ గుమ్మానికీ మధ్య తిరిగింది. మొగుడితో చెబుదామంటే చుట్టూ జనం, ఆయన అక్కడే అందరిముందూ ఏమిటీ అని గట్టిగా అరుస్తాడు. ఇక తప్పక అత్తగారి పక్కకు వెళ్ళి నేల చూస్తూ అంది.

"అత్తయ్యా, ఈ ఒక్కసారికి ఆయన వెళ్ళకపోతే బావుంటుంది."

అత్తగారు ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసింది. ఎందుకని అడగలేదు. పక్క కొట్టు మేస్త్రీని కేకేసి, వ్యాను నడపడం వచ్చుగా, ఎక్కు అంది. తనూ చెప్పులు వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. బస్సు పేరు చెబితేనే కడుపులో తిప్పే మనిషి ఆవిడ. సొంత తమ్ముడి పెళ్ళికి కూడా దారంతా కిటికీలోంచి తల బయటపెట్టుకునే వెళ్ళింది. గంటాయన బిత్తరపోయి, నీకేం పనమ్మా అక్కడ అన్నాడు. మిల్లువాడు పిండిలో తేడా చేస్తున్నాడు, నేనే స్వయంగా చూడాలి, నువ్వు ఇంటి పట్టున ఉండి కోడలికి సాయం చెయ్యి అని దబాయించింది. పిండిలో ఏ తేడా లేదని మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు.

వ్యాను మలుపు తిరిగాక కోడలు మొగుడికి అసలు సంగతి చెప్పింది. గంటాయన ఎర్రబడిపోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోట మాట లేకుండా నిలబడ్డాడు.

మర్నాడు సాయంత్రం అత్తగారు వడిలిన తోటకూర కాడలా దిగింది. దారిలో ఎన్నిసార్లు వ్యాను ఆపించిందో మేస్త్రీ చెప్పబోతే, నోరు మూసుకుని బస్తాలు దింపమంది.

తర్వాత ఒంటి వేడి పెరిగింది. పెరిగింది దిగలేదు. నెలసరి రావలసిన రోజు వచ్చి వెళ్ళిపోయింది. ఇంకో వారం కూడా దాటింది. కోడలు ఎవరికీ చెప్పకుండా వేచి చూసింది, అత్తగారు ఒక్కసారైనా అడగలేదు. ఆసుపత్రిలో పరీక్ష చేసి నర్సమ్మ అవునంది. కోడలు ఇంటికి వచ్చేసరికి మొగుడు వీధుల్లో తిరుగుతున్నాడు. కౌంటరు దగ్గర అత్తగారి చెవిలో చెప్పింది. అత్తగారు చేతిలో ఉన్న చిల్లర కొన్నవాళ్ళకు ఇచ్చి, నిలబడ్డ అందరికీ కావలసినవి కట్టిచ్చి, వాళ్ళను పంపించి, కోడల్ని లోపలికి తీసుకెళ్ళి బస్తాల మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. తల నిమిరింది. నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అది నీరసమన్న మాట నాకు మా అమ్మ చెప్పింది. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పుంటుంది. నేనూ అలాగే దూరంగా పడుకునేదాన్ని. వీడు పుట్టిందే పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి. తర్వాత ఆడపిల్ల కావాలని ఎంతో ఏడ్చాను, పుట్టలేదు. నా ఒళ్ళే మంచిది కాదనుకున్నాను. మీ మావయ్య కూడా అదే అనుకుని పోయారు."

కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మీ ఒళ్ళు మంచిదే అయ్యుంటుంది అత్తయ్యా, మనకి తెలీలేదంతే అంది.

"ఆ సంగతి ఆయనకి చెప్పాలనుంది," అంది అత్తగారు.

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. బయట ఎవరో కోడలూ, బన్నులున్నాయా అని పిలిచారు. ఇద్దరిలో ఎవరూ వెంటనే లేవలేదు.