పిడికి చుట్టిన రేకు

నేను కోతలు కోస్తానని మీకు తెలుసు. పెనుకొండ కొండ దారిలో చిరుత నా బండి వెనక సీటెక్కిందన్నాను చూడండి... అది కోతే. ఇది కాదు. కావాలంటే ఆ రేకు తెచ్చి మీ చేతిలో పెడతాను. పట్టుకునే ధైర్యముంటే.

హిందూపురంలో మా షెడ్డు. మగ్గాల వాళ్ళకు పట్టునూలు కండెలు చుట్టే మోటారు మిషన్లు చేస్తాం, పాతవి బాగుచేస్తాం. మిషన్ ముట్టుకుంటే ఒంట్లోకి ఎంత కరెంటు వస్తుందో కొలవడం నా పని. మనిషిని పెట్టి కొలవలేం కదా... అందుకే మిషన్ ప్లాస్టిక్ పిడికి అరచేతి పాటి అల్యూమినియం రేకు చుడతాం. అదే చెయ్యి. అక్కడినుంచి ఒక తీగ మీటరు పెట్టెకు పోతుంది. ఆ పెట్టె మనిషి ఒంటికి బదులు. దాన్ని మేం పెద్దాయన అంటాం. స్విచ్చు వేసేముందు "పట్టుకో పెద్దాయనా" అనాలి. అయ్యాక "వదులు పెద్దాయనా" అనాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అనకుండా మాత్రం ఎవరూ కొలవరు.

ఆ రోజు ధర్మవరం నుంచి ఓబుళమ్మ అనే ఆమె మిషన్ తెచ్చింది.

"ముట్టుకుంటే జుమ్మంటాదన్నా. మా అత్త పోయేదాకా దీంతోనే చుట్టింది. రేపట్నుంచి నా కోడలు కూసోవల్ల. ఏడో నెల దానికి. బాగా చూసి పంపు."

"నేను చూసినానంటే యముడు గూడా వాపసు పోతాడు పో మా!" అన్నాను.

పొద్దున బండికే పంపాలి. అందుకని రాత్రి కూర్చున్నాను. షెడ్డులో నేను, వాచ్‌మన్ గంగప్ప. అంతే.

రేకు చుట్టాను. "పట్టుకో పెద్దాయనా." స్విచ్చు వేశాను. అంకె తక్కువే. ప్లగ్గు తిప్పి పెట్టినా తక్కువే. పాస్. ప్లగ్గు పీకి, అతికించడానికి పాస్ స్టిక్కరు చేతిలోకి తీసుకున్నాను. తలుపు కాడ గంగప్ప కేకేశాడు.

"ఏమప్పా, టీకి పెద్దాయన్ని గూడా పిల్చుకొస్తాండావా?"

నవ్వుకుంటూ బయటికి పోయాను. "వదులు" అనడం మరిచాను.

టీ తాగి ఇద్దరం లోపలికొచ్చాం. కిర్ర్... కిర్ర్...

కండె తిరుగుతోంది. మెల్లగా. ప్లగ్గు బల్ల మీదే ఉంది.

మీటరు చూశాను. సున్నా ఉండాలి. లేదు... అంకె ఎక్కుతోంది.

అప్పుడు వినబడింది. బిస్కెట్టు పొట్లం నలిపినట్టు చప్పుడు. రేకు... పిడి చుట్టూ బిగుసుకుంటోంది. ఒక సొట్ట పడింది. దాని పక్కన... ఇంకొకటి.

"వదులు పెద్దాయనా." మళ్ళీ అన్నాను. అంకె దిగలేదు.

గంగప్ప నా భుజం పట్టుకున్నాడు. "అబ్బా... ఆడుండేది పెద్దాయన కాదేమో."

అత్త పోయేదాకా దీంతోనే చుట్టిందన్న ఓబుళమ్మ మాట గుర్తొచ్చింది.

"వదులవ్వా," అన్నాను. "ఆ పిల్లకేం కానియ్యను. మళ్ళా చూస్తాలే... వదులు."

కండె ఆగింది. మీటర్లో సున్నా.

స్టిక్కరు వేయలేదు. తెల్లారేదాకా మిషన్ విప్పి చూశాను. పిడి లోపల వైరు తొడుగు అరిగి ఉంది. మోటారు వేడెక్కితేనే తీగ పిడి బోల్టుకు ఆనుతుంది. నేనేమో చల్లటి మిషన్ కొలిచి పాస్ అన్నాను. అట్లాగే పంపి ఉంటే... వద్దులెండి. వైరు మార్చి, వేడి చేసి మళ్ళీ కొలిచి పంపాను. ఇప్పుడు జుమ్మనడం లేదట.

కెపాసిటర్లో మిగిలిన కరెంటు అయ్యుంటుందని మా ఇంజనీరన్నాడు. కండెను గాలి తిప్పిందన్నాడు. రేకు చూపిస్తే మాత్రం దాన్ని తిరిగి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అది నా డ్రాయర్లోనే ఉంది. ఒక పక్క బొటనవేలి సొట్ట. రెండో పక్క మూడు వేళ్ళవే. చూపుడువేలు ఉండాల్సిన చోట రేకు నున్నగా ఉంది.

ఓబుళమ్మ నంబరు నా ఫోన్లో ఉంది. మీ అత్తకు వేళ్ళన్నీ ఉండేవా అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను...

అడిగితే ఆమె చెప్తుంది కదా. అదే నా భయం.