గోల్ ముందు కొట్టిన కొబ్బరికాయ

నిరుడు జూలైలో ఒక ఆదివారం, మధ్యాహ్నం 3.38. యాంగాన్‌లోని ఒక మాల్ పై అంతస్తులో ఐస్ రింక్. మంచు మందం 32 మిల్లీమీటర్లు, ఉపరితల ఉష్ణోగ్రత మైనస్ 4.6 డిగ్రీలు. నాలుగు గంటలకు మహిళా కళాశాలల ఐస్ హాకీ ఫైనల్. నేల కింది గొట్టాల్లో శీతల ద్రవాన్ని తిప్పే చిల్లర్, దాని పైనున్న మంచు నా బాధ్యత.

ఆ రింక్‌లోనే సాధన చేసే కళాశాల జట్టును తొలి రోజు నుంచీ ఎరుగుదును. మగవాళ్ల పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని స్కేటింగ్ మొదలుపెట్టారు. మొదటి ఏడాది ఒక్క గోల్ కూడా వేయలేదు. తరువాత వరుసగా మూడేళ్లు కప్పు వారిదే. నాలుగోసారీ గెలిస్తే అది శాశ్వతంగా కళాశాలకే దక్కుతుంది. గోల్‌కీపర్ నూకాలు నది అవతలి దలా నుంచి పడవలో సాధనకు వచ్చే తెలుగమ్మాయి.

చివరి తనిఖీలో గోల్ ముందు లేత పసుపు మరక కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. అక్కడ గుంట పడితే తడి మంచుపొడి కూరి పూడ్చి, చుట్టూ నీళ్లు పోసి చదును చేశానని మా పనివాడు చెప్పాడు. గుంట ఎలా పడిందో అతడు అడగలేదు. గోల్ దగ్గరే ఉన్న నూకాలు మరక చూసి ప్రేక్షకుల వైపు తిరిగింది. అక్కడ ఆమె మేనత్త పైడమ్మ కూర్చుని ఉంది.

"ఇక్కడ ఏటి కొట్టినావు, పైడమ్మత్తా?" అంది నూకాలు.

"మరేటి, ఫైనలంటే కాయ కొట్టకుండానా? పసుపు రాసి మరీ కొట్టినాను. సక్కగా రెండు సెక్కలయినాది, కుళ్లు నేదు. గెలుపు మనదే, ఇంజినీరు బాబూ!" అంది నా వైపు తిరిగి.

"ఆ సెక్కలేవి?" అని నూకాలే అడిగింది.

"కొబ్బరి మీ జట్టోల్లు తినీసినారు. సిప్పలున్నాయి."

ఆమె సంచిలోంచి తీసిన చిప్పలు రెండూ జోడించి చూశాను. అంచున బొటనవేలి గోరంత ఖాళీ మిగిలింది. ఆ ముక్క మంచులోనే ఉండాలి. కొబ్బరినీళ్లలోని చక్కెర, లవణాల వల్ల ఆ పూడిక గట్టిపడలేదు. నాలుగు స్కేట్లు దాని మీదుగా వెళితే ముక్క పైకి తేలుతుంది.

రిఫరీ ఊ చో వచ్చి, జాప్యం ఎవరి వల్ల అని బర్మీస్‌లో అడిగాడు. యంత్ర లోపమైతే మ్యాచ్ వాయిదా పడుతుంది. జట్టు తరఫువారి వల్ల ఆట ఇరవై నిమిషాలకు మించి ఆలస్యమైతే ఆ జట్టు ఓడినట్టే. చిల్లర్ పేరు చెప్పడం నాకు ఎంతో సులువు. నేను నోరు తెరిచేలోపు నూకాలు హెల్మెట్ తీసింది.

"మా అత్త కొబ్బరికాయ కొట్టింది, సార్."

పైడమ్మకు ఆ మాత్రం బర్మీస్ తెలుసు. "ఓలమ్మో! నీ నోటికి తాళం నేదేటే?"

"ముక్క తగిలి పడినోల్ల పీక మీదకి ఎనకోల్ల బ్లేడొస్తే, అత్తా? బాబాయ్, తవ్వీ," అని నా వైపు తిరిగింది.

వేడినీళ్లు పోస్తూ ఉక్కు స్క్రేపర్‌తో గీశాం. 4.12కు గుంట అడుగు తేలింది. ముక్క లేదు. చుట్టూ తవ్వాం. రింక్ చుట్టూ ఉన్న అద్దాల వెనుక జట్టంతా నిలబడే ఉంది. 4.20కి ఈల మోగింది. ఎదుటి జట్టును విజేతగా ప్రకటించారు. మేము తవ్వడం ఆపలేదు. 4.31కి గుంటకు జానెడు పక్కన, ఉపరితలానికి మూడు మిల్లీమీటర్ల లోతున, మొన పైకి తిరిగి ముక్క దొరికింది.

మంచులో గుంట కనబడగానే పూడ్చడం మా వృత్తిలో అలవాటు. అది ఎందుకు పడిందో తెలిసేదాకా పూడ్చకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

నష్టాలు: రెండు చదరపు మీటర్ల మంచు, ఒక స్క్రేపర్ బ్లేడు, ఒక కప్పు. గాయపడినవారు లేరు.