ఆ ఇంట సంపాదించేవాడు

మొన్న మా పనిమనిషికి వరద సాయం దరఖాస్తు పెట్టించడానికి వార్డు సచివాలయానికి వెళ్తే, కంప్యూటరు ముందున్న అమ్మాయి తల ఎత్తకుండానే "ఇంట్లో సంపాదించేవాళ్లున్నారా?" అని అడిగింది. ఇన్నేళ్లయినా, ఆ మాట వినగానే నా వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, డెబ్భైల చివర్లో గోదావరి పొంగినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి వివరాలు రాయడానికి బడిపంతుళ్లనే పంపేవారు. చాక్‌పీసు పట్టిన చేతికి ప్రభుత్వం అప్పగించని పనంటూ ఉండేది కాదు లెండి. నరసాపురం దగ్గరి లంకలో కొత్తగా పంతులమ్మనైన నాకూ తప్పలేదు. నెలజీతం తెచ్చే మగవాడున్న ఇంటికి సాయం బియ్యం లేవు. అతను పోయాడంటే ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లే నోటితో చెప్పాలి. రూలు అది.

పంచాయతీ జీతం మీద రేవు పడవ నడిపే అతని ఇల్లు ఊరి చివర. వరదలో పడవతో పాటు అతనూ పోయాడనీ, శవం దొరకలేదనీ ఊరంతా చెప్పింది. నేను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. గోడల మీద నడుమెత్తున వరద చార, ఇంకా వదలని ఒండ్రు వాసన, అరుగు మీద చూపు లేని అతని తల్లి. వాన లేదు, వరద తీసేసి చాలా రోజులైంది, అయినా గడప దగ్గర్నుంచి లోపలికి మగవాడి అడుగులు తడితడిగా కనిపించాయి.

"మావోడు ఇప్పుడే వచ్చాడండి పంతులమ్మగారూ, కాళ్లు కడుక్కుని లోపలికెళ్లాడు. జీతం తెచ్చేవోడుండగా మాకు బియ్యమెందుకండి?" అంది ముసలమ్మ.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అంతలో తలుపు చాటున కోడలు కనిపించింది. చంకలో పిల్ల, పెదాల మీద వేలు, కాళ్లకు నీళ్లోడుతున్న మగవాళ్ల చెప్పులు. నిజం తెలిస్తే అత్తగారి ప్రాణం నిలవదని, ఆ ఇల్లాలు రోజూ సందెవేళ తన మొగుడై ఇంటికొస్తోందని అర్థమయ్యేసరికి నాకు భయం పోయి ఏడుపొచ్చింది. అడిగితే ముసలమ్మ దక్కదు, అడక్కపోతే బియ్యం దక్కవు, పిల్ల చూస్తే ఖాళీ గిన్నె నాకుతోంది.

ముసలమ్మే కోడల్ని పిలిచి నాకు మంచినీళ్లు తెమ్మంది. ఆమె చెప్పులు గడప దగ్గర విడిచి, పిల్లనెత్తుకుని, బిందెతో బోరింగు దగ్గరికి వెళ్లింది. ముసలమ్మ తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"రాసుకోండి. నా కొడుకు గోదారిలో కలిసిపోయాడు. కన్నదాన్ని, ఆడి నడక నాకు తెలీదా అండి? ఆడు ఎడంకాలు ఈడ్చేవోడు. నా కోడలుపిల్లకి ఈడవడం రాదు. నన్ను బతికించుకోడానికి నడుస్తుంది, నడవనివ్వండి. నాకు తెలుసని మాత్రం దాంతో అనకండి."

రాశాను. లేవబోతుంటే ఇంట్లో ఎవరో నడిచారు. ఒక అడుగు పడింది, దాని వెనుక నేలకు రాసుకుంటూ మరొకటి. లోపల ఎవరూ లేరు. కోడలు దూరంగా బోరింగు కొడుతోంది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. ముసలమ్మ తల అటు తిప్పి ఎంత హాయిగా నవ్విందో! నేను మంచినీళ్ల కోసం ఆగలేదు.

వాళ్లకు బియ్యం వచ్చాయి. ఊళ్లో అందరికీ ఇస్తున్నారని కోడలితో అబద్ధమాడాను.

ఇప్పుడు ఎవరి గడపా తొక్కకుండానే అర్హత తేలిపోతోంది. పని త్వరగా అవుతుంది, కాదనను. కానీ మా పనిమనిషి "లేరండి" అని ఒక్క ముక్కలో చెప్పేసి వేలిముద్ర వేస్తుంటే, ఆ ఒక్క ముక్కా ఒకరి దగ్గర ఒకరు దాచుకుని, ఇద్దరాడవాళ్లు బతికించుకున్న మనిషి గుర్తొచ్చాడు. సందెవేళ ఎవరైనా కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తే, ఇప్పటికీ నేను వెనక్కి తిరిగి చూడను.