సార్ది, తీయొద్దు

మధురవాడలో మా ఆఫీసు. ఒకే క్లౌడ్‌ను నాలుగు టీములు పంచుకుంటాయి. ఆ పంపకాలకు కాపలా నేను. ఆ క్లౌడ్‌లో మేం సృష్టించుకునే మెషీన్లలో ఉన్నది బయటివాళ్ల ఫోనుల్లో కనబడాలంటే వాటికి పబ్లిక్ ఐపీ అడ్రస్ తగిలించాలి. ఈ అడ్రసులు ఎవరి సొత్తూ కావు, ఉన్నవి కూడా గుప్పెడే. పనయ్యాక ఒకరు వదిలేస్తే, అదే అడ్రస్‌ను ఇంకొకరి మెషీన్‌కు తగిలిస్తాను. కాగితం మీద ఇంత చక్కని ఏర్పాటు మరొకటి లేదు.

కానీ మనం బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే జనం. మా ఇంజినీర్లు మెషీన్ చెరిపేసేవారు గానీ అడ్రస్ వదిలేవారు కారు. లిస్టులో దాని ఎదురుగా రిమార్కుల గడిలో "సార్ది, తీయొద్దు" అని రాసి పెట్టేవారు. ఏ సారో ఎవరూ రాయరు. మేనేజరు కుర్చీలో నా కళ్లముందే ముగ్గురు సార్లు మారారు. ఇప్పుడున్న ఆయనకు అడ్రస్ అంటే కొరియర్ వాడికి చెప్పేదే. అయినా ఆ రెండు ముక్కలు చూస్తే నా చెయ్యి ఆగిపోయేది. ఒకసారి ధైర్యం చేసి ఒకటి తీసేస్తే, మీటింగులో అందరి ముందూ గడ్డి పెట్టారు మరి.

అలాంటప్పుడు ఓ కొత్తమ్మాయికి అడ్రస్ కావాల్సి వచ్చింది. కూర్మన్నపాలెం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీ ఆడవాళ్లకు షిఫ్టు బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూపించే పని ఒక్కతే పూర్తి చేసింది. శుక్రవారం పదకొండుకు ఫ్యాక్టరీ వాళ్లు అక్కణ్ణుంచే తెరిచి చూస్తారు. చూడగలిగితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే. గురువారం మధ్యాహ్నం నా దగ్గరికొస్తే ఒక్క అడ్రసూ ఖాళీ లేదు.

టీములన్నీ తిరిగి అడుక్కుందామని లేచాను.

"బావా, ఆ అడ్రస్‌తో ఏటి సేత్తన్నావ్?"

"ఏటీ లేదు బావా, ఊరికే ఉంది."

"అయితే ఇచ్చీ."

"అమ్మో, అది సార్ది!"

"ఏ సార్ది?"

"నాకేటి తెలుసు బావా? నాను వచ్చేసరికే అలా రాసుంది."

ప్రతి టీములోనూ ఇదే పాట. వీళ్ల కక్కుర్తిని నోరారా తిట్టుకుంటూ వచ్చి కూలబడ్డాను. ఆ అమ్మాయి నా స్క్రీన్ మీద లిస్టు చూస్తోంది.

"అన్నయ్యా, ఇది మీ పద్దులోదే కదా? దీనికి మెషీనే లేదు. ఈ సార్ ఎవులు?"

ఆ అడ్రస్ నేను దాచుకున్నదే. అంకెలన్నీ కూడితే తొమ్మిది వస్తుంది. బండికి తొమ్మిది వచ్చే నంబరు కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగినవాణ్ణి, ఊరికే దొరికిన తొమ్మిదిని వదులుతానా? మూడేళ్ల కిందటే ఆ రెండు ముక్కలు రాసి పెట్టేశాను. ఇందాక అందర్నీ అడుక్కుంటున్నప్పుడు అది నాకు గుర్తులేక కాదు.

"పెద్ద సార్ది. కనుక్కుని సెప్తానుండు" అన్నాను. క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగి వచ్చి, "ఒప్పుకున్నారు" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది, కానీ నిజం చెప్పేంత కాదు.

శుక్రవారం అచ్యుతాపురం వాళ్లు ఫోనులో బస్సు కదలడం చూశారు. ఉద్యోగం నిలబడింది. ఆ అమ్మాయి కాజాల డబ్బాతో నేరుగా సార్ గదికి వెళ్లి థ్యాంక్స్ చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా కాజా నోట్లో వేసుకుని, "టీమ్ కోసం ఆమాత్రం త్యాగం చెయ్యాలమ్మా" అన్నారట. సోమవారం మీటింగులో ఆ త్యాగం గురించి మాకు పావుగంట క్లాసు పీకారు. నేను ముందు వరసలో కూర్చుని తలాడించాను.

నెల తర్వాత ఫ్యాక్టరీ వాళ్లు ఆ పనిని తమ సొంత సర్వర్‌కు మార్చుకున్నారు. ఆ అమ్మాయి ఇక్కడి మెషీన్ చెరిపేసింది. నా తొమ్మిది నాకు తిరిగొచ్చిందని ఆశగా లిస్టు తెరిచాను. అడ్రస్ ఇంకా ఆ అమ్మాయి పద్దులోనే ఉంది. ఎదురుగా గడిలో, "సార్ది, తీయొద్దు."

విసురుగా ఆమె సీటు దాకా వెళ్లాను.

"ఏటన్నయ్యా?" అంది తలెత్తి.

"ఏటీ లేదమ్మా" అని వెనక్కి వచ్చేశాను. ఏ సార్ది అని అడిగే మొహం నాకు లేదు.