చిన్నదాని మాట హైదరాబాదు చేరే దారి

మా చిన్నది లాప్‌టాప్ తెర వైపు నుంచి ముఖం తిప్పుకుని గోడకేసి కూర్చున్న క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. అప్పటికి దానికి నాలుగేళ్లు నిండాయి. మాటలు రావడం ఆలస్యమవుతోందని డాక్టరు చెప్పాక, హైదరాబాదు నుంచి ఒక టీచరు రోజూ సాయంత్రం ఐదింటికి వీడియోలో నేర్పేవారు. ఆవిడ బంతి చూపిస్తే ఇది "బా" అనాలి. అనగానే ఆవిడ చప్పట్లు కొట్టి బంతి దొర్లించాలి. ఆ రోజు ఇది "బా" అంది. తెర మీద ఆవిడ ఎదురుచూస్తూనే ఉన్నారు. మళ్లీ అంది. ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇది గోడ వైపు తిరిగాక చప్పట్లు వినిపించాయి.

వారం తిరక్కుండానే "బా" కూడా పోయింది.

"పాప ప్రయత్నం మానేస్తోందండీ," అన్నారు టీచరుగారు. "నెలాఖరు దాకా చూద్దాం. లాభం లేకపోతే ఆన్‌లైన్ ఆపేద్దాం. రోజూ గుంటూరులో నేరుగా నేర్పేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లగలరా?"

అద్దంకి అవతల మా ఊరి నుంచి రోజూ గుంటూరు వెళ్లిరావడం మా వల్ల కాదు. పెద్దదాని బడి ఉంది, మిరపకోతలు ఉన్నాయి. మా ఆయన ఎరువుల కొట్టు కట్టేసి వచ్చేసరికి రాత్రవుతుంది. ఆన్‌లైన్ ఆగితే దాని మాటలూ అక్కడే ఆగిపోతాయని నాకు తెలుసు.

నెట్టు ఇచ్చే కేబుల్ అతను వచ్చి చూశాడు. "స్పీడు ఫుల్లుగా ఉంది మేడం. ఇంకా పెద్ద ప్లాను వేసుకోండి," అన్నాడు. వేసుకున్నాం. ఏమీ మారలేదు. ఇంజనీరింగులో నేను చదివింది ఎలక్ట్రానిక్సే. పెళ్లయ్యాక పుస్తకాలు అటక మీదికి చేరాయి గాని, ఒక చిన్న పరీక్ష మాత్రం గుర్తుంది. లాప్‌టాప్ నుంచి ఒక సంకేతం పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడటం. మధ్యాహ్నం కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది. ఐదింటికి రెండు సెకన్లు దాటింది.

ఐదింటికి మా ఇంట్లో ఏం జరుగుతుందో అప్పుడు ఆలోచించాను. ఎండ తగ్గగానే మా మావయ్యగారు ఇంటి ముందు కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని మంచు తగలకుండా కుప్పకు చేరుస్తారు. పట్టా కప్పే ముందు కుప్ప అడుగు నుంచి దోసిళ్లతో తీసి ఫోనుకు చూపిస్తారు. పైన మంచి కాయ పోసి అడుగున తాలు కాయ దాచలేదని గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లకు నమ్మకం కలగాలి కదా. ముగ్గురికి మూడు వీడియోలు, అన్నీ మా ఇంటి నెట్టు మీదే, ఒక్కోటీ చాంతాడంత.

"నా కాయల వీడియోకీ, పిల్ల మాటకీ ఏం సంబంధమమ్మా?" అన్నారాయన.

"రెండూ ఒకే సన్నటి దారిన బయటికెళ్లాలి మావయ్యగారూ. మోడెం దేన్నీ పారేయదు, వచ్చినవాటిని వచ్చినట్టే వరసలో నిలబెడుతుంది. మీ వీడియో ముక్కలు వేలకు వేలు ముందుంటే, దీని మాట వాటన్నిటి వెనకాల పడుతోంది."

"అయితే దాన్నే ముందు పంపరాదూ? కాయలకేం తొందర?"

ఇన్నాళ్లూ దూరాన్ని తిట్టుకున్నాను. హైదరాబాదు దాకా ఉన్న దూరమంతా చిన్నదాని మాటకు రెప్పపాటు కూడా కాదు. కొండలూ కాలవలూ దాటడానికి పట్టని సమయం, మా కిటికీ గట్టు మీద మోడెం అనే ఆ నల్ల డబ్బాలో పడుతోంది. మిరపగింజంత లేని ఒక శబ్దం అక్కడ తన వంతు కోసం నిలబడి ఉంది.

రెండు నెట్టు వైర్లు పెట్టుకునే వీలున్న ఒక చిన్న కంప్యూటరు బోర్డు తెప్పించి, డబ్బాలో పెట్టి, మోడెంకీ ఇంట్లో వైఫైకీ మధ్య కలిపాను. ఇలాంటి వరసల్ని సర్దే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికితే అందులో ఎక్కించాను. లైను మోయగలిగినదాని కంటే కాస్త తక్కువగానే బయటికి వదలమన్నాను. అలా చేస్తే మోడెంలో వరస పేరుకోదు, నా డబ్బాలోనే ఉంటుంది. అక్కడ ప్రతివాళ్లకూ తలా కొంచెం వంతు. చిన్న మాట పెద్ద వీడియో వెనక ఆగక్కర్లేదు. ఈ డబ్బా మామూలు రౌటరు ధర దాటకూడదనీ అనుకున్నాను. పొదిలిలో ఒక తల్లికి, కనిగిరిలో ఇంకొక తల్లికి ఇదే టీచరు క్లాసులో ఇదే బాధ. వాళ్లూ కొనుక్కోగలగాలి.

బోర్డు వేడెక్కుతుంటే చిన్న ఫ్యాను బిగించాను. మిరప వాకిట్లో ఉండగా ఫ్యాను పెట్టే బుద్ధి ఇంకెవరికీ పుట్టదు. మర్నాడు క్లాసు మొదలైన కాసేపటికే చిన్నది తుమ్ములు మొదలుపెట్టింది. పెద్దది కళ్లు నలుపుకుంటూ బయటికి పరుగెత్తింది.

"కల్లంలో పొద్దంతా ఉన్నా ఇంత ఘాటు లేదు గదమ్మాయ్," అన్నారు మావయ్యగారు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "నువ్వు చేసింది నెట్టు పెట్టేనా, కారం మరా?"

విప్పి చూస్తే లోపలంతా ఎర్రటి దుమ్ము. ఫ్యాను పీకేశాను. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో ఒక మందపాటి ముక్క అడిగి తెచ్చి, బోర్డును దానికి ఆనించి బిగించాను. వేడి ఆ లోహంలోంచే పోవాలి. డబ్బా కన్నాలన్నీ మూసేశాను.

నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి. ఐదింటికి మావయ్యగారు వీడియో పంపడం మొదలుపెట్టారు. నేనే పంపమన్నాను. టీచరుగారు బంతి చూపించారు. చిన్నది చాలాసేపు ఊరుకుని, చివరికి, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా "బా" అంది.

మాట పెదవి దాటిందో లేదో, చప్పట్లు.

చిన్నది ఉలిక్కిపడింది. తెర వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూసింది. మళ్లీ "బా" అంది. మళ్లీ చప్పట్లు. ఇక ఆపలేదు. ఎన్నిసార్లన్నదో లెక్కపెట్టలేదు. మావయ్యగారు గుమ్మంలో ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వీడియో వెళ్తూనే ఉంది. కాలేజీలో వరసల గురించి పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ వరసలో ఒక ప్రాణం నిలబడి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున పెద్దది డబ్బా వేపు చూస్తూ అడిగింది. "అమ్మా, ఇక మనందరికంటే చెల్లే ముందా?"

"ముందు కాదమ్మా. తన వంతు తనకొస్తుంది, అంతే," అన్నాను.

తర్వాత చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అర్థమవుతుందో లేదో తెలియకపోయినా చెప్పాను. "నువ్వన్నవన్నీ టీచరమ్మ విన్నారు. ఆ రోజు కూడా విన్నారు. ఎప్పుడైనా మళ్లీ ఆలస్యమైతే, అది నీ వల్ల కాదు."